మూడో విమాన వాహక నౌక కావాలా, ఆ డబ్బుతో జలాంతర్గాములు కట్టుకోవాలా?

ఉప్పుగాలి

మొన్న ఆదివారం మా మేనల్లుణ్ణి ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియానికి తీసుకెళ్లా. పేరుకి 91 మీటర్ల పొడవు. లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కుపోవాల్సిందే. ఆ గుండ్రటి తలుపులు దాటడంలో వాడు రెండుసార్లు తల బొప్పి కట్టించుకున్నాడు. టార్పెడోల (నీళ్లలో దూసుకెళ్లి ఓడల్ని పేల్చే ఆయుధాలు) పక్కనే పడకలు చూసి నోరెళ్లబెట్టాడు. బయటికొచ్చాక అడిగాడు: "మామయ్యా, ఇది గొప్పదా, విక్రాంత్ గొప్పదా?"

తడుముకోకుండా ఇదే అన్నాను. ఎందుకన్నానో ఇక్కడ రాస్తే తిట్లు పడతాయని తెలుసు, అయినా రాస్తున్నా.

సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మనకిప్పుడు రెండు విమాన వాహక నౌకలున్నాయి. రష్యా దగ్గర కొన్న విక్రమాదిత్య, కొచ్చిలో కట్టుకున్న విక్రాంత్. మూడోది కావాలని నేవీ ఏళ్లుగా అడుగుతోంది. మొదట 65,000 టన్నులదన్నారు, తర్వాత విక్రాంత్ సైజుకే దిగారు. దాదాపు 40,000 కోట్లవుతుందని 2023లో వార్తలొచ్చాయి. 2024 అక్టోబరులో కేంద్రం అణుశక్తితో నడిచే రెండు దాడి జలాంతర్గాములకు ఓకే చెప్పింది, వాటి ఖర్చు కూడా ఇంచుమించు అంతే. అంటే ఒక్క క్యారియర్ డబ్బుతో రెండు అణు సబ్‌లు వస్తాయి. నీళ్ల మీద తేలేదాన్ని ఉపగ్రహం చూస్తుంది, నీళ్ల కింద ఉన్నదాన్ని చూడలేదు. 2020లో అప్పటి త్రివిధ దళాల అధిపతి జనరల్ బిపిన్ రావత్ చెప్పింది కూడా ఇదే, ముందు సబ్‌లు అని. నా ఓటు అటే.

డెక్కన్ లోహం

అన్నా, అసలు "మూడోది" అనే మాట దగ్గరే పొరపాటు ఉంది. విక్రమాదిత్య సోవియట్ నేవీలో 'బాకూ' పేరుతో చేరింది 1987లో. 2037కి దానికి యాభై నిండుతాయి. విక్రాంత్‌కి కీల్ (ఓడ అడుగు దూలం) వేసింది 2009 ఫిబ్రవరి, నేవీలో చేరింది 2022 సెప్టెంబరు 2. పదమూడేళ్లు పైనే. ఈరోజు ఆర్డరిచ్చినా కొత్తది చేతికొచ్చేసరికి విక్రమాదిత్య రిటైర్మెంట్‌కి దగ్గర పడుతుంది. కాబట్టి మనం మాట్లాడుతున్నది మూడోదాని గురించి కాదు, రెండోదాన్ని నిలబెట్టుకోవడం గురించి.

ఇంకోటి, మా హైదరాబాద్ వాళ్లం మర్చిపోలేని విషయం. విక్రాంత్‌కి కావలసిన ఉక్కు మొదట రష్యా నుంచి తెద్దామనుకున్నారు, అది కుదర్లేదు. అప్పుడు కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహాల పరిశోధనశాల డీఎంఆర్ఎల్, ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ కలిసి డీఎంఆర్ 249 అనే రకం తయారు చేశాయి. ఇవాళ మన యుద్ధనౌకలు కట్టేది ఆ ఉక్కుతోనే. ఓడ ఖర్చంటే ఒక్క ఓడ ఖర్చే అనుకోకు.

లెక్కల మాస్టారు

ఇద్దరూ ఓడ ధర దగ్గరే ఆగిపోయారు. విక్రాంత్‌కి అయింది సుమారు 20,000 కోట్లు. దాని కోసం 2025 ఏప్రిల్ 28న నేవీ రకం రఫేల్-ఎం యుద్ధ విమానాలు 26కి సంతకం చేశారు కదా, అది దాదాపు 63,000 కోట్లు. ఆయుధాలు, సిమ్యులేటర్లు, శిక్షణ అన్నీ కలిపే అనుకోండి. అయినా ఓడకి మూడు రెట్లు! ఆ 26లో నాలుగు రెండు సీట్ల శిక్షణ విమానాలు, అవి ఓడ మీద దిగవు. మిగిలేవి 22. అన్నీ చేతికందేది 2030కి.

గుర్రం కొన్నాక జీను కొనడం విన్నాం. ఇక్కడ జీను ధర గుర్రానికి మూడింతలు. కొత్త ఓడకి 40,000 కోట్లని రాసేవాళ్లు దాని డెక్ మీద నిలబడే విమానాల లెక్క ఎందుకు రాయరో నాకర్థం కాదు. తోడుగా వెళ్లే డిస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు, ఇంధనం మోసే ఓడలు వేరే. (ఆ ఇంధనం ఓడలు ఐదు మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్‌కే వచ్చాయి, 2023 ఆగస్టులో, 19,000 కోట్ల ఆర్డరు. ఆ వార్తకి మాత్రం ఇక్కడ ఎవరూ థ్రెడ్ పెట్టలేదు.)

సింహగర్జన

చైనా మూడు క్యారియర్లు దింపేసింది, మీరింకా చిల్లర లెక్కలేస్తున్నారు. ఇలాంటివాళ్ల వల్లే దేశం ఇలా ఉంది.

నిర్వాహకుడు

సింహగర్జన గారూ, వాదన ఉంటే రాయండి. ఎదుటివాళ్ల దేశభక్తి కొలిచే పని ఇక్కడొద్దు. రెండోసారి చెప్పించుకోకండి.

సీతమ్మధార

మా పెదనాన్న చెప్పేవారు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖలో కిటికీ అద్దాలు దడదడలాడాయట. బాంబు పడిందనుకుని మంచాల కింద దూరారట. తెల్లారాక తెలిసింది, హార్బరు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిందని. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీళ్ల లోతులో పేలే బాంబులు) వల్లే అని మనవాళ్లు అంటారు, లోపలే పేలుడు జరిగిందని వాళ్లంటారు. ఏదైతేనేం, ఘాజీ వచ్చింది ఇదే పేరుతో అప్పుడున్న పాత క్యారియర్ విక్రాంత్ కోసం.

ఆ విక్రాంత్ అప్పుడు ఏ స్థితిలో ఉంది? బాయిలర్‌కి పగుళ్లు, పూర్తి వేగం అందుకోలేదు. పక్కన పెట్టేద్దామా అని కూడా ఆలోచించారు. అలాంటి కుంటి ఓడ అండమాన్ వైపు నుంచి వచ్చి, సీహాక్ విమానాలతో చిట్టగాంగ్, కాక్స్ బజార్ మీద దాడి చేసి, తూర్పు పాకిస్తాన్‌కి సముద్రం దారి మూసేసింది. ఆ పని అప్పట్లో ఏ సబ్ చేసేది, ఉప్పుగాలి గారూ? సబ్ ఓడని ముంచగలదు. ఆకాశాన్ని కాపలా కాయలేదు.

ఉప్పుగాలి

సీతమ్మధార గారూ, మీ కథే నాకు సాక్ష్యం. ఒక్క ఘాజీ బయల్దేరిందని తెలిసి విక్రాంత్‌ని అండమాన్‌లో దాచారు. విక్రాంత్ ఇంకా విశాఖలోనే ఉందని శత్రువుని నమ్మించడానికి ఎన్ని తంటాలు పడ్డారో మీకు తెలిసే ఉంటుంది. ఒక పాత సబ్, అదీ అమెరికా వాడి వదిలేసింది, మన నేవీ మొత్తం ప్లాన్‌ని మార్పించింది.

ఇంకొకటి చూడండి. 1982 ఫాక్లాండ్స్ యుద్ధం. మే 2న బ్రిటిష్ అణు సబ్ కాంకరర్, అర్జెంటీనా క్రూయిజర్ బెల్గ్రానోని ముంచింది. ఆ దెబ్బకి వాళ్ల విమాన వాహక నౌక తీరానికి తిరిగొచ్చేసి యుద్ధం అయ్యేదాకా మళ్లీ కదల్లేదు. ఒక్క సబ్, ఒక్క దాడి. క్యారియర్ ఉండి ఏం లాభం?

సీతమ్మధార

సగం కథ చెప్పి ఆపితే ఎలాగండీ? అదే యుద్ధంలో బ్రిటన్ ఇంటికి 13,000 కిలోమీటర్ల దూరంలో దీవుల్ని తిరిగి పట్టుకుంది ఎలా? హెర్మెస్, ఇన్విన్సిబుల్ అనే రెండు క్యారియర్ల మీది హారియర్ యుద్ధ విమానాలతో. ఆ హెర్మెస్ ఎవరో తెలుసుగా? మన విరాట్. 2017లో దాన్ని నేవీ నుంచి తప్పించే ముందు మన ఆంధ్ర ప్రభుత్వం విశాఖలో మ్యూజియం చేస్తామని ముందుకొచ్చింది. చివరికి 2020లో గుజరాత్‌లోని అలంగ్ తీరానికి ముక్కలవడానికి పోయింది. ఫొటోలు చూసి మా ఇంట్లో ఆ రోజు ఎవరికీ అన్నం సహించలేదు.

నార్ఫోక్ నాని

ఇక్కడ అమెరికా నేవీ బేస్ పక్కనే కాపురం. ఒక్క మాట చెప్పి పోతా. ట్రూమన్ అనే క్యారియర్ ఎర్ర సముద్రంలో ఉండగా 2024 డిసెంబరులో సొంత క్రూయిజరే దాని విమానాన్ని పొరపాటున కూల్చేసింది. 2025 ఏప్రిల్లో, హ్యాంగర్‌లో లాక్కెళ్తున్న విమానం సముద్రంలోకి జారిపోయింది, లాక్కెళ్లే ట్రాక్టరుతో సహా! మే నెలలో ఇంకోటి దిగుతూ పోయింది. వందేళ్ల అనుభవం ఉన్నవాళ్ల పరిస్థితే ఇది. కానీ ఆ ఓడ మాత్రం మునగలేదు, యెమెన్ హూతీలు ఎన్ని క్షిపణులేసినా. ఎవరి వాదనకి పనికొస్తే వాళ్లు తీసుకోండి.

లెక్కల మాస్టారు

ఉపగ్రహం చూస్తుంది అన్నదానికి చిన్న లెక్క. విక్రాంత్ వేగం 28 నాట్లు, అంటే గంటకి 28 నాటికల్ మైళ్లు. ఉపగ్రహం ఫొటో తీసి, ఆ సమాచారం క్షిపణి దాకా చేరి, అది వచ్చి పడేసరికి అరగంట అనుకుందాం. అంతలో ఓడ 14 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 26 కిలోమీటర్లు ఎటైనా పోయి ఉండొచ్చు. ఆ వృత్తం వైశాల్యం 2,100 చదరపు కిలోమీటర్ల పైమాటే. మొన్నటి దాకా ఉన్న జీహెచ్ఎంసీకి మూడు రెట్లు. ఉప్పల్లో కనపడిన ఆటోని అరగంట తర్వాత రాయి విసిరి కొట్టమన్నట్టుంటుంది. చైనా డీఎఫ్-21డీ, డీఎఫ్-26 క్షిపణులు చివర్లో దారి సర్దుకుంటాయంటారు, నిజమే. అసాధ్యం అనట్లేదు. "చూస్తే పోయినట్టే" అన్నంత తేలిక కాదంటున్నా.

కానీ నా మొదటి ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. విమానాలేవి? క్యారియర్ల కోసం 45 మిగ్-29కే యుద్ధ విమానాలు కొన్నాం. 2016 కాగ్ నివేదిక చదవండి. ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి ఒక దశలో 16 శాతం, బాగా ఉన్నప్పుడు 38 శాతం లోపు. డెక్ మీద విమానం లేని క్యారియర్ అంటే హెలికాప్టర్లకి ఖరీదైన అరుగు. పైగా మన రెండు ఓడలకీ ముందు వైపు ఎత్తైన ర్యాంపే, కేటపుల్ట్ (విమానాన్ని ముందుకి విసిరే యంత్రం) లేదు. నిండా ఇంధనం, ఆయుధాలు ఎక్కించుకుని విమానం లేవలేదు. దూరం నుంచి శత్రువుని పసిగట్టే పెద్ద రాడార్ విమానం అసలే లేవదు, ఆ పని కమోవ్ హెలికాప్టర్లతో నెట్టుకొస్తున్నారు. చైనా మూడో క్యారియర్ ఫుజియాన్‌కి విద్యుదయస్కాంత కేటపుల్ట్ ఉంది. మళ్లీ విక్రాంత్‌నే జిరాక్స్ తీస్తే ఈ లోటు ఇంకో నలభై ఏళ్లు మోయాలి.

డెక్కన్ లోహం

మాస్టారూ, విమానాల మాట ఒప్పుకుంటా. కానీ సబ్‌ల వైపు మాత్రం అంతా బాగుందా? ఆరు స్కార్పీన్ రకం సబ్‌లకి 2005లో ఒప్పందం, మొదటిది కల్వరి చేరింది 2017 డిసెంబరులో. ఫ్రాన్స్ ఇచ్చిన డిజైనుకే పన్నెండేళ్లు! ఆరోది వాగ్షీర్ 2025 జనవరిలో. 1999లో వేసుకున్న ప్లాన్ ప్రకారం 2030కి 24 కొత్త సబ్‌లు ఉండాలి. ఎక్కడున్నాం?

అంతకన్నా నవ్వొచ్చేది, ఏడుపొచ్చేది ఇది. ఆ కొత్త సబ్‌ల కోసం అనుకున్న బ్లాక్ షార్క్ టార్పెడోల కొనుగోలు రద్దయింది. కొత్త సబ్‌లు పాత టార్పెడోలతోనే సముద్రంలోకెళ్లాయి. కొత్త టార్పెడోల్ని వాటికి అమర్చడానికి 877 కోట్ల ఒప్పందం 2024 డిసెంబరు ఆఖర్లో గానీ అవలేదు. మీ విశాఖలోని నేవీ ఆయుధాల పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ వరుణాస్త్ర అనే మంచి టార్పెడో చేసింది, అది మొదట ఓడల కోసం వచ్చింది. ఉప్పుగాలీ, మీ మేనల్లుడు చూసి నోరెళ్లబెట్టిన టార్పెడోలే మన కొత్త సబ్‌లకి కరువయ్యాయి. ఇప్పుడు చెప్పు.

ఉప్పుగాలి

ఈ దెబ్బ నాకు తగిలింది. ఒప్పుకుంటున్నా. ఓడకి విమానం ఆలస్యం, సబ్‌కి టార్పెడో ఆలస్యం.

అయితే నా మాట కొంచెం మారుస్తా. క్యారియర్ వద్దే వద్దనను. దాని మీదకి ఏ విమానం ఎక్కుతుందో తేలేదాకా, కేటపుల్ట్ సంగతి తేలేదాకా ఉక్కు కోయొద్దు. రెండు మూడేళ్లు ఆగితే కొంపలేం మునగవు. ఈలోగా అణు సబ్‌ల పని పరిగెత్తించండి.

రాడ్డు బాబాయ్

బాబూ, నేను ముప్ఫై ఏళ్లు ఓడల మీద వెల్డింగ్ చేసినోణ్ణి. మాది శ్రీకాకుళం వైపు. మీ యుద్ధాల గొడవ నాకు అంతగా తెలీదు గానీ "రెండు మూడేళ్లు ఆగితే" అన్నావు చూడు, దానికి మాత్రం నేను చెప్పాలి.

ఈ గట్టి రకం మందపాటి ప్లేట్లకి వెల్డింగ్ అంటే గేటుకి టాకా వేసినట్టు కాదు. ముందు ప్లేటుని వేడి చెయ్యాలి. రాడ్డుని ఓవెన్లో ఎండబెట్టి, వేడిగా ఉన్న డబ్బాలోంచి ఒక్కొక్కటే తీసి వాడాలి. మన సముద్రపు గాలిలో తేమ ఎంత ఉంటుందో తెలుసు కదా, బయట పెట్టి టీ తాగొచ్చేసరికి రాడ్డు చెడిపోతుంది. ఆ తేమతో వేస్తే జాయింటు ఆ రోజు అద్దంలా కనపడుతుంది. రెండ్రోజులకి లోపల్లోపల పగులుతుంది. అందుకే టెస్టింగ్ వాళ్లు వెంటనే రారు, ఆగి వస్తారు. ఫెయిలయితే మొత్తం తవ్వేసి మళ్లీ వెయ్యాలి. ఇది పుస్తకంలో రాదు. పక్కన నిలబడి, తిట్లు తిని నేర్చుకోవాలి. నేను నేర్పినోళ్లలో చెయ్యి కుదిరినోళ్లు పదకొండు మంది.

ఒక యార్డులో పెద్ద ఆర్డరు అయిపోయాక ఇంకోటి రాలేదు. కాంట్రాక్టు కుర్రాళ్లకి మొదట ఓవర్‌టైం ఆగింది, తర్వాత పనే ఆగింది. పదకొండు మందిలో ఏడుగురు గల్ఫ్ పోయారు, పైపులైన్ల పనికి. ఒకడు రాజాంలో గ్రిల్స్ షాపు పెట్టాడు. మూడేళ్ల తర్వాత పని వచ్చింది, రమ్మని ఫోన్ చేస్తే ఒకడే వచ్చాడు.

ఉప్పుగాలి

బాబాయ్, మీరన్నాక ఇంక నేనేం మాట్లాడను. ఒక్కటి అడుగుతా. క్యారియర్ పని లేకపోతే అదే మనుషుల్ని ఆ ఐదు ఇంధనం ఓడల మీద, సబ్‌ల మీద పెట్టుకోవచ్చుగా? చెయ్యి పోకుండా ఉంటుంది కదా?

లెక్కల మాస్టారు

మంచి ప్రశ్న. ఆ ఇంధనం ఓడలు ఒక్కోటి 44,000 టన్నులు, విక్రాంత్‌తో సమానం. బాబాయ్ ఏమంటారో వినాలి.

రాడ్డు బాబాయ్

టన్నులు ఒకటే గానీ పని ఒకటి కాదు మాస్టారూ. సరుకు ఓడలో గదులు పెద్దవి, మనిషి నిలబడి వెయ్యొచ్చు. యుద్ధనౌకలో కొన్ని చోట్ల పడుకుని, అద్దం పెట్టుకుని చూస్తూ వెయ్యాలి. సబ్ అయితే ఇంకా ఇరుకు, ఆ ఉక్కూ వేరే, ఆ పరీక్షలూ వేరే. వాటికి మనిషిని తయారు చేసి సర్టిఫికెట్ ఇచ్చేసరికే ఏడాది పోద్ది.

కానీ ఖాళీగా ఉండడం కన్నా నయమే. రాడ్డు పట్టిన చెయ్యి రాడ్డు మీదే ఉండాలి. ఆ ఓడల మీదకి మనోళ్లని తీసుకుంటున్నారా, ఎవరికైనా తెలిస్తే ఇక్కడ పెట్టండి. గల్ఫ్‌లో ఉన్న ఇద్దరు కుర్రాళ్లు అడుగుతున్నారు.