రిడ్జ్ సింగిల్‌ట్రాక్ మీద బండి లోయ వైపే లాగుతోంది, ఎలా సరిచేసుకోవాలి?

అడవిదారి:
అందరికీ నమస్తే. మౌంటెన్ బైకింగ్, అంటే కొండదారుల్లో సైకిల్ తొక్కడం, మొదలుపెట్టి రెండేళ్లయింది. వెడల్పాటి మట్టి రోడ్ల మీద, చదునుగా ఉండే అడవి ట్రైల్స్ మీద నాకే ఇబ్బందీ లేదు, దిగుడు కూడా బానే దిగుతా. ఈమధ్య కొండ వెన్ను (రిడ్జ్) మీదుగా పోయే ఒక సింగిల్‌ట్రాక్‌కి, అంటే ఒక్క సైకిల్ పట్టేంత సన్నటి దారికి వెళ్తున్నా, దట్టమైన చెట్ల మధ్యలోంచి పోతూ పోతూ ఉన్నట్టుండి ఎడమ పక్క చెట్లు ఆగిపోయి కింద లోయ మొత్తం కనిపిస్తుంది, దారి వెడల్పు రెండడుగులు కూడా ఉండదు. పొద్దున్నే వెళ్తే మంచు ఇంకా లోయలోనే ఉంటుంది, దాని పైనుంచి పోతున్నట్టు ఉంటుంది, ఆ ఒక్క చూపు కోసమే అంత ఎక్కుడు ఎక్కి మరీ వెళ్తున్నా.

సమస్య ఏంటంటే సరిగ్గా అక్కడికి రాగానే చేతులు బిగుసుకుపోతాయి. కుడి పక్క గట్టుని ఆనుకుని పోదామనుకుంటా కానీ బండి మాత్రం ఎడమకే జరుగుతూ ఉంటుంది, నిజంగా ఎవరో లాగుతున్నట్టే ఉంటుంది. పోయిన వారం అడ్డంగా ఉన్న ఒక వేరు మీద ముందు చక్రం జారింది, అలవాటుగా ఎడమ కాలు కింద పెట్టబోతే అక్కడ నేల లేదు. పొదలో పడ్డా కాబట్టి సరిపోయింది, దెబ్బలేం తగల్లేదు, కానీ ఆ కాలు కింద ఖాళీగా తగిలిన క్షణం ఇంకా మర్చిపోలేకపోతున్నా.

బండి 29 అంగుళాల చక్రాల హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ ఉండదు), ముందు 120 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ఫోర్క్, 2.35 అంగుళాల టైర్లు, లోపల ట్యూబులు, గాలి 35 పీఎస్ఐ పెడతా. నా బరువు 72 కిలోలు. సీటు మామూలుదే, డ్రాపర్ (తొక్కుతూనే మీట నొక్కి సీటు దించుకునే పోస్టు) లేదు. తప్పు నాదా బండిదా, దేంతో మొదలుపెట్టాలో చెప్పండి, ఈ ట్రైల్ వదులుకోవడం నాకిష్టం లేదు.

గట్టుబాట:
ముందు మీరు దెబ్బ తగలకుండా బయటపడ్డందుకు సంతోషం అండీ. ఇక లాగుతున్నట్టు ఉంది అన్నారు చూడండి, అది వట్టి భ్రమ కాదు. నేను కొన్నేళ్లుగా ట్రైల్ పనికి వెళ్తున్నా కాబట్టి చెప్తున్నా, కొండ వాలుని మెట్టులా చెక్కి దారి వేసేటప్పుడు దాన్ని మట్టంగా ఉంచరు, లోయ వైపుకి కొంచెం వంచుతారు. సుమారు 5 శాతం, అంటే మీటరు వెడల్పుకి ఐదు సెంటీమీటర్లు. పైనుంచి వచ్చిన వాన నీళ్లు దారి వెంబడి పారకుండా అడ్డంగా దాటిపోవాలని ఆ వంపు, అది లేకపోతే రెండు వానాకాలాల్లో దారి కాలువ అయిపోతుంది. కంటికి కనపడదు కానీ టైరుకి తెలుస్తుంది. వంపు ఉందని ముందే తెలిస్తే సగం భయం అక్కడే పోతుంది.

రెండోది, గట్టుని ఆనుకుని పోవడం మానేయండి. కొత్తవాళ్లందరూ చేసే పనే అది, సురక్షితం అనిపిస్తుంది కానీ అన్నిటికన్నా ప్రమాదం అదే. హ్యాండిల్ కుడి చివర ఒక కొమ్మకో రాయికో తగిలిందనుకోండి, హ్యాండిల్ కుడికి తిరుగుతుంది, కుడికి తిరిగితే బండి ఎడమకి ఒరుగుతుంది. అంటే లోయ వైపుకే. పైకి వచ్చిన మట్టికి కుడి పెడల్ కొట్టుకున్నా ఇంతే. దారి మధ్యలోనే పోండి, పెడల్స్ రెండూ సమానంగా నేలకి అడ్డంగా ఉంచండి.

మూడోది చూపు, నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది. ఎటు చూస్తే అటే పోతాం, ఇది రెండు చక్రాల మీద పోయేవాళ్లందరికీ తెలిసిందే కానీ లోయ పక్కన పాటించడం చాలా కష్టం. లోయని చూడకూడదు అని మనసులో అనుకుంటే మళ్లీ లోయే కనపడుతుంది, అందుకే వద్దు అనుకోకుండా కళ్లకి ఏదో ఒక పని ఇవ్వాలి. నేనైతే ఎదురుగా దారి ఎక్కడ మలుపు తిరిగి కనపడకుండా పోతుందో ఆ చివరని పట్టుకుంటా, అది దగ్గరికి వచ్చేలోపే తర్వాతి చివరకి జరిపేస్తా. ముందు చక్రం వైపు మాత్రం అస్సలు చూడను.

ఇంట్లో చేసుకునేది ఒకటి ఉంది. చదునైన చోట రెండు తాళ్లు పొడుగ్గా పరిచి మధ్యలో ఒక జానెడున్నర వదలండి. తాడు పక్కనే ఒక చోట ఎర్ర గుడ్డ పెట్టండి. నడిచేంత వేగంతో ఆ మధ్యలోంచి పోతూ చివరని మాత్రమే చూడండి. మొదట్లో గుడ్డ దగ్గరే చక్రం తాడు తొక్కుతుంది, వారం పది రోజులు చేశాక గుడ్డ ఉందన్న సంగతే మర్చిపోతారు.

చివరగా కాలు సంగతి. లోయ పక్కనుంటే ఆగాల్సి వచ్చినప్పుడల్లా గట్టు వైపు కాలే దించాలి, బండి ఎక్కడం దిగడం కూడా అటు నుంచే. మీకు ఎడమ కాలు అలవాటు కాబట్టి మామూలు రోడ్డు మీద కూడా కొన్నాళ్లు కుడి కాలే దించండి. జారిన క్షణంలో ఆలోచించుకునే టైం ఉండదు, కాలికే తెలిసి ఉండాలి.

రాళ్లదారి:
పైన అన్న చెప్పింది మొత్తం కరెక్టే, నేను బండి గురించి చెప్తా. బ్రో 35 పీఎస్ఐ చాలా ఎక్కువ. అంత గాలితో టైరు వేరుని పట్టుకోదు, దాని మీంచి ఎగిరి పక్కకి జారుద్ది, మీకు జరిగింది అదే అయ్యుంటది. మీ బరువుకి ట్యూబులతో ముందు 26, వెనక 28 నుంచి మొదలుపెట్టండి, అంతకన్నా తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి రెండు చోట్ల పంక్చర్ అయితది. ట్యూబ్‌లెస్‌కి మారితే ఆ భయం ఉండదు, ముందు 21, 22 దాకా దిగొచ్చు, తేడా మొదటి రోజే తెలుస్తది. చేత్తో నొక్కి చూసుకుని సరిపోయింది అనుకోకండి, గేజ్ పెట్టి చూడండి, రెండు పీఎస్ఐ తేడా వేర్ల మీద చానా తేడా.

సీటు కూడా, డ్రాపర్ లేకపోతే రిడ్జ్ మొదలయ్యే ముందు ఆగి ఐదారు సెంటీమీటర్లు దించుకోండి, పాత ఎత్తు దగ్గర చిన్న టేపు ముక్క అంటించుకుంటే మళ్లీ పెట్టుకోవడం తేలిక. సీటు పైకుంటే బరువంతా పైనే ఉంటది, బండిని కాళ్ల మధ్య అటూ ఇటూ ఆడనివ్వడానికి చోటుండదు, అప్పుడు మొత్తం చేతుల మీద పడుద్ది, బిగుసుకుపోవడం అక్కడి నుంచే వస్తది.

బ్రేక్ ఒక్క వేలితోనే పట్టండి, మిగతా వేళ్లు గ్రిప్పు మీదే ఉండాలి. వేరు దగ్గరికి రాకముందే స్పీడు తగ్గించుకుని, వేరు మీద ఉన్నంతసేపు రెండు బ్రేకులూ వదిలేయండి. టైరుకి ఉన్న పట్టు ఇంతే, దాన్ని బ్రేకుకి ఖర్చుపెడితే జారకుండా ఆపుకోవడానికి ఏం మిగలదు.

కొండగాలి:
ఒక్క విషయంలో నాది వేరే మాట. భయమేస్తే మెల్లగా పో అంటారు అందరూ, నడక వేగం కన్నా తగ్గితే బ్యాలెన్స్ కోసం హ్యాండిల్ అటూ ఇటూ తిప్పాల్సి వస్తుంది, రెండడుగుల దారిలో ఆ తిప్పడానికే చోటు లేదు. కొంచెం ఊపుతో పోతేనే బండి నిలకడగా ఉంటుంది. నా మొదటి ఏడాది నేను పడ్డవన్నీ మరీ మెల్లగా పోయినప్పుడే.

గట్టుబాట:
మీరన్నది ఒప్పుకుంటా, కానీ ఇప్పుడిప్పుడే పడి లేచిన మనిషికి ఊపు పెంచమని నేను చెప్పలేను. ఆయనకి కష్టమైన చోట్లు ఆ ట్రైల్ మొత్తంలో మూడో నాలుగో ఉంటాయి. అక్కడ దిగి బండిని నడిపించుకుంటూ పోవడంలో తప్పేం లేదు, నడిచేటప్పుడు ఆ వేరు ఎటు వాలి ఉందో, దాని ముందు చక్రం ఎక్కడ పెట్టాలో తీరిగ్గా కనపడుతుంది. నడిచేటప్పుడు మీరు గట్టు వైపు, బండి లోయ వైపు ఉండాలి. రెండు మూడు సార్లు అలా నడిచాక మీకే ఎక్కాలనిపిస్తుంది.

అడవిదారి:
చాలా థ్యాంక్స్ అందరికీ. ఆ వంపు సంగతి చదివాక నిన్న కొలిచే పరికరం ఏమీ లేక నీళ్ల బాటిల్ పడుకోబెట్టి చూశా, లోయ వైపే దొర్లింది! గాలి 27 చేశా. ఇంకో రెండు డౌట్లు. వాన పడ్డాక ఎన్ని రోజులు ఆగాలి, ఎదురుగా ఎవరైనా వస్తే అంత సన్నటి దారిలో ఎవరు ఆగాలి?

చెట్లనీడ:
రోజుల లెక్క చెప్పలేం అండీ, మట్టిని బట్టి ఉంటుంది. టైరు వెనక లోతుగా గాడి పడుతోందా, మట్టి ముద్దలుగా చక్రానికి అంటుకుంటోందా, అయితే వెనక్కి తిరిగిపోవడమే. ఆ గాడి ఎండిపోయి గట్టిపడి, తర్వాతి వానకి నీళ్లకి దారి అవుతుంది. కొండ వెన్ను పైన సరిగ్గా మట్టంగా ఉన్న చోట్ల ఇంకా కష్టం, ఎందుకంటే అక్కడ నీళ్లు పక్కకి పోవడానికి వాలే ఉండదు, నిలిచిపోతాయి. గుంట కనపడితే పక్కనుంచి పోకండి, మధ్యలోంచే పోండి లేదా దిగి నడవండి. ఒకరు పక్కనుంచి పోతే ఇంకొకరు ఇంకొంచెం పక్కనుంచి పోతారు, చూస్తుండగానే సింగిల్‌ట్రాక్ కాస్తా బండ్ల బాట అయిపోతుంది. నాకు ఇష్టమైన ట్రైల్ ఒకటి అలా పాడైపోయింది, పూలపొదలు ఉండే చోట ఇప్పుడు బురదే ఉంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

తడి వేర్లు సబ్బు పూసినట్టు ఉంటాయి, వాటిని ఏటవాలుగా కాకుండా నిలువుగా, అంటే చక్రం వేరుకి సూటిగా అడ్డం వచ్చేలా దాటాలి. ఎదురుపడితే దిగేవాళ్లు ఆగి ఎక్కేవాళ్లకి దారి ఇవ్వాలి, ఎక్కేవాళ్లు ఒకసారి ఆగితే మళ్లీ కదలడం కష్టం. నడిచేవాళ్లకి, గుర్రాల వాళ్లకి మనమే ఆగాలి, గుర్రం కనపడితే దిగి నిలబడి నెమ్మదిగా మాట్లాడండి, మనిషి గొంతు వింటే అది బెదరదు. ఆ ట్రైల్‌కి వేరే బోర్డు ఉంటే మాత్రం దాని ప్రకారమే.

మీరు అడగలేదు కానీ పిడుగుల గురించి చెప్పకుండా ఉండలేను. రిడ్జ్ మీద మనమే ఎత్తు. మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేలోపు లెక్కపెట్టండి, మూడు సెకన్లకి సుమారు ఒక కిలోమీటరు. ముప్పై లోపే వినపడితే పది కిలోమీటర్ల లోపు ఉన్నట్టు, అప్పటికే మీరు వెన్ను దిగి కిందికి పోతూ ఉండాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ ఎక్కొద్దు. కొలరాడోలో మోనార్క్ క్రెస్ట్ అని పేరున్న రిడ్జ్ ట్రైల్ ఉంది, దాదాపు 3,450 మీటర్ల ఎత్తున్న కనుమ దగ్గర మొదలవుతుంది, ఎండాకాలం మధ్యాహ్నాలు ఉరుములు మామూలని అక్కడ పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నం లోపు ఎత్తు దిగిపోతారు. మీరు పొద్దున్నే వెళ్తున్నారు కాబట్టి అలవాటు మంచిదే, మార్చుకోకండి.

రాళ్లదారి:
దిగుడు పొడుగ్గా ఉంటే ఇంకోటి, బ్రేకుని సన్నగా పట్టుకునే ఉండకండి, గట్టిగా ఒకసారి పట్టి వదిలేయండి, డిస్కు చల్లారడానికి టైం ఇవ్వాలి. 1976లో కాలిఫోర్నియా మారిన్ కౌంటీలో పాత సైకిళ్లతో కొండ దిగే రేసు పెట్టేవాళ్లు, వాటికుండే కోస్టర్ బ్రేకులు (పెడల్ వెనక్కి తొక్కితే పట్టేవి) ఎంత వేడెక్కేవంటే హబ్బులో గ్రీజు పొగై పోయేది, ప్రతిసారీ మళ్లీ గ్రీజు ప్యాక్ చేయాల్సి వచ్చేది, అందుకే ఆ రేసుకి రీప్యాక్ అని పేరొచ్చింది. మన డిస్కులు చానా నయం కానీ వేడి వేడే.

అడవిదారి:
ఈ ఆదివారం వెళ్లొచ్చా. సీటు దించా, టేపు అంటించా. ఆ వేరు దగ్గర దిగి నడిచా, అది నేను అనుకున్నట్టు అడ్డంగా లేదు, ఏటవాలుగా లోయ వైపు జారి ఉంది, పైన బెరడు ఊడిపోయి నున్నగా మెరుస్తోంది. కుడి చివర దగ్గర మాత్రం దాదాపు సూటిగా దాటొచ్చు. వెనక్కి వచ్చి ఎక్కి, మలుపు దగ్గరున్న మొద్దు మీదే కళ్లు పెట్టి, బ్రేకు వదిలేసి దాటేశా. చక్రం కింద వేరు తగిలిన చప్పుడు వినపడింది అంతే.

ఇంకో రెండు చోట్లు ఇంకా నడిచే దాటుతున్నా. లోయ కనపడే చోట ఈసారి బండి మీద ఉండి చూడలేదు, ఆగి కుడి కాలు దించి, బండిని గట్టుకి ఆనించి కూర్చున్నా. మంచు మొత్తం విడిపోయేదాకా అక్కడే ఉన్నా.