తెలుగు వ్యాసానికి ఇంగ్లీషులో సమ్మతి: కుకీ బ్యానర్లలో ‘వద్దు’ అనే బటన్ ఎక్కడుంది?

ప్రశ్న: సీతమ్మధార నుంచి ఒక ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారం. నేను సీతమ్మధారలో ఉంటాను, ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. మా అమ్మకు 68 ఏళ్లు. తెలుగు చక్కగా చదువుతుంది గానీ, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం తప్ప వాక్యం అర్థం చేసుకోలేదు. ఉదయం కాఫీ తాగుతూ ఫోనులో వార్తలు, ఆరోగ్య విషయాలు చదవడం ఆవిడకు రెండేళ్లుగా అలవాటు.

పోయిన వారం మోకాళ్ల నొప్పుల గురించి ఒక తెలుగు వ్యాసం తెరిస్తే, తెరను సగానికి పైగా కప్పేస్తూ, కుకీలు (సైట్లు మన ఫోనులో ఉంచే చిన్న గుర్తులు) పెట్టడానికి అనుమతి అడిగే ఒక పెట్టె వచ్చింది. వ్యాసం తెలుగులోనే ఉంది, పెట్టెలోని మాటలు మాత్రం అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. అన్నిటికీ అంగీకరిస్తున్నానని చెప్పే బటన్ పెద్దగా, ఆకుపచ్చగా ఉంది. దాని కింద, బటన్ అని కూడా తెలియనంత లేత బూడిదరంగు అక్షరాల్లో, మరిన్ని ఎంపికలు అనే మాట ఉంది. వద్దు అని చెప్పడానికి ఏమీ లేదు. అమ్మ క్షణం కూడా ఆగకుండా ఆకుపచ్చ బటన్ నొక్కింది. అదేమిటో తెలుసా అని అడిగితే, “అది నొక్కకపోతే వ్యాసం రాదు కదమ్మా, రోజూ నొక్కుతూనే ఉన్నాను” అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

అదే పేజీని నా ఫోనులో తెరిచి, ఎలాగైనా వద్దని చెప్పాలని కూర్చున్నాను. మరిన్ని ఎంపికలు నొక్కితే ఒక జాబితా, అందులో ‘భాగస్వాములు’ అన్నచోట నొక్కితే వందల సంస్థల పేర్లతో మరో జాబితా వచ్చాయి. మొదటి వరుసలో మీటలన్నీ ఆపి ఉన్నాయని సంతోషించేలోపే, పక్కనే ‘లెజిటిమేట్ ఇంటరెస్ట్’ (తమకు న్యాయమైన అవసరం ఉందంటూ సమ్మతి లేకుండానే డేటా వాడుకోవడం) అనే రెండో వరుస కనిపించింది. అక్కడ ప్రతి సంస్థకు ఎదురుగా మీట వేసే ఉంది. వాటిని ఒక్కొక్కటిగా ఆపుకుంటూ అట్టడుగుకు వెళ్తే, నా ఎంపికలను భద్రపరిచే చిన్న బటన్ పక్కనే మళ్లీ అదే ఆకుపచ్చ బటన్ పెట్టారు. అలవాటు కొద్దీ వేలు దాని మీద పడితే అప్పటిదాకా చేసిందంతా వృథా అయ్యేది. ఇంత శ్రమపడ్డాక, మూడు రోజుల తరువాత అదే సైటు నన్ను మళ్లీ మొదటి నుంచి అడిగింది.

నేను అడగదలచినవి ఇవి. వద్దని చెబితే ఆ సంస్థలు నిజంగా ఆగుతాయా? చదవలేని భాషలో అడిగి తీసుకున్న అంగీకారాన్ని మన చట్టం సమ్మతిగా ఒప్పుకుంటుందా? అమ్మలాంటి వారి ఫోనులో ఒక్కసారి చేసి వదిలేయగల ఏర్పాటు ఏదైనా ఉందా?

జవాబు: మధురవాడ నుంచి, వెబ్‌సైట్లు తయారుచేసే వ్యక్తి

టీచరు గారికి నమస్కారం. పన్నెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి లోపలి సంగతి చెబుతాను. మీరు చూసిన పెట్టె పొరపాటున అలా తయారైంది కాదు. చాలా సైట్లు ఈ పెట్టెను తామే తయారుచేసుకోవు, దాన్ని అందించే సంస్థల నుంచి తెచ్చి అతికించుకుంటాయి. బటన్ల రంగు, పరిమాణం, వద్దు అనే బటన్ మొదటి తెరలో ఉండాలా రెండో తెరలో ఉండాలా అన్నవన్నీ సైటు యజమాని ఎంచుకోగలిగిన అంశాలే. రెండు రకాల పెట్టెలను వేర్వేరు పాఠకులకు చూపించి, దేనికి ఎక్కువమంది అంగీకరిస్తే దాన్నే ఉంచుకునే పద్ధతి కూడా ఉంది.

ఒక విషయం ఒప్పుకోవాలి. రెండేళ్ల కిందట ఒక సైటుకు నేను రెండు బటన్లనూ ఒకే రంగులో, ఒకే పరిమాణంలో, పక్కపక్కనే పెట్టాను. నెల తిరగకుండానే అంగీకరించేవారు బాగా తగ్గారని, వద్దు బటన్‌ను లోపలి పేజీలోకి మార్చమని యజమాని అడిగారు. మార్చాను. ఆ పని చేసినందుకు ఇప్పటికీ నాకు బాధగా ఉంది. మీ అమ్మగారి మాట చదివాక ఆ బాధ పెరిగింది.

ఇక కుకీ అంటే ఏమిటో అమ్మగారికి చెప్పాలంటే బట్టల దుకాణంలో సంచి ఇచ్చినప్పుడు కౌంటరులో ఇచ్చే టోకెన్‌ను గుర్తుచేయండి. సంచి ఎవరిదో దుకాణానికి తెలియడానికే ఆ టోకెన్, బయటికి వచ్చాక దానితో పని లేదు. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటుల్లి కుకీని రూపొందించింది ఇటువంటి అవసరానికే. పేజీ మారిన ప్రతిసారీ వచ్చినవారెవరో సైటు మరిచిపోయేది కాబట్టి, కొనదలచిన వస్తువుల జాబితా నిలిచి ఉండటానికి ఒక గుర్తు కావలసి వచ్చింది. లాగిన్ అయి ఉండటానికి, బస్సు టికెట్టు తీసుకునేటప్పుడు ఎంచుకున్న సీటు పోకుండా ఉండటానికి ఈనాటికీ అది కావాలి. ఎవరూ వాటికి అభ్యంతరం చెప్పరు.

అభ్యంతరం థర్డ్‌పార్టీ కుకీలతో, అంటే మీరు తెరిచిన సైటు కాకుండా బయటి సంస్థలు పెట్టే కుకీలతో. జగదాంబ కూడలిలో బట్టల దుకాణం గుమ్మంలోనూ, పూర్ణా మార్కెట్టులోనూ, మందుల షాపు ముందూ ఒకే సంస్థకు చెందిన మనుషులు నిలబడి, మీ చేతిలోని ఒకే నంబరు చూసి, ఎక్కడెక్కడికి వెళ్లారో, ఏ మందు అడిగారో పుస్తకంలో రాసుకుంటున్నారని అనుకోండి. ఆ ఆకుపచ్చ బటన్ ఇచ్చే అనుమతి అదే. మోకాళ్ల నొప్పుల వ్యాసం చదివారన్నది ఒక్క సైటుకు మాత్రమే తెలిసి ఆగిపోదు. పేజీలో ప్రకటన పెట్టే జాగాను అప్పటికప్పుడు వేలం వేసేటప్పుడు, చదివేవారి గురించిన వివరాలు ఆ వేలంలో పాల్గొనే అనేక సంస్థలకు చేరతాయి.

వద్దంటే ఆగుతాయా అన్నారు. నిజాయితీగా కట్టిన సైటులో ఆగుతాయి. మీరు అంగీకరించే బటన్ నొక్కేదాకా ఆ సంస్థల కోడ్ అసలు లోడ్ కాదు. అయితే పెట్టె తెర మీదికి వచ్చేలోపే కుకీలు పెట్టేసే సైట్లను నేను చాలాసార్లు చూశాను. కంప్యూటరులో ప్రైవేట్ విండో తెరిచి, సైటుకు వెళ్లి, ఏదీ నొక్కకుండా, అడ్రసు పక్కనున్న గుర్తు మీద నొక్కి కుకీల వివరాలు చూడండి. అక్కడ ప్రకటనల సంస్థల పేర్లు అప్పటికే ఉంటే, మిమ్మల్ని అడగడం కేవలం లాంఛనమని అర్థం. మిమ్మల్ని మళ్లీ మళ్లీ అడగడానికి కూడా కారణం ఉంది. మీరు వద్దన్న సంగతి గుర్తుపెట్టుకునేది కూడా ఒక కుకీయే. బ్రౌజరు దాన్ని చెరిపేస్తే అడగక తప్పదు. కానీ కొన్ని సైట్లు అంగీకారాన్ని నెలల తరబడి గుర్తుంచుకుని, తిరస్కారాన్ని కొద్ది రోజులకే మరిచిపోయేలా గడువు పెడతాయి. మీకు జరిగింది బహుశా ఇదే.

జవాబు: విశాఖపట్నం జిల్లా కోర్టులో న్యాయవాది

రెండో ప్రశ్నకు నాకు తెలిసినంత చెబుతాను. ముందుగా ఒక అపోహ తొలగించాలి. ఈ పెట్టెలను ఐరోపా చట్టం మన నెత్తిన పెట్టిందని చాలామంది విసుక్కుంటారు. ఐరోపా సమాఖ్య 2002లో తెచ్చి 2009లో సవరించిన ఈ-ప్రైవసీ ఆదేశం, సేవకు తప్పనిసరి కాని కుకీ పెట్టాలంటే ముందుగా సమ్మతి కావాలంది. 2018 మే 25 నుంచి అమలైన ఐరోపా డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ఆ సమ్మతి ఎలా ఉండాలో గట్టిగా నిర్వచించింది. ఇలా పాఠకుల కదలికలను గమనిస్తూ వెంటపడని సైటు ఏ పెట్టే పెట్టనక్కర లేదు. కాబట్టి విసుగు చట్టం మీద కాకుండా, వెంటపడటం మానలేక అనుమతి కోసం తిప్పలు పెట్టేవారి మీద చూపించాలి.

ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి ద్వారా వచ్చిన అంగీకారం చెల్లదని ఐరోపా న్యాయస్థానం 2019 అక్టోబరు 1న ‘ప్లానెట్49’ కేసులో తీర్పు చెప్పింది. అంగీకరించినంత తేలిగ్గా తిరస్కరించే వీలు ఇవ్వలేదన్న కారణంతో ఫ్రాన్సు నియంత్రణ సంస్థ సీఎన్ఐఎల్ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసినట్టు 2022 జనవరిలో ప్రకటించింది. మీకు ఏ రెండో తెర ఎదురైందో, ఆ జరిమానాలకు మూలం అటువంటిదే.

మన దేశానికి వస్తే, గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా చెప్పింది. ఆ పునాది మీద 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అందులో కుకీ అనే మాట లేదు గానీ, ఒక వ్యక్తిని గుర్తించగలిగే డేటా ఏదైనా దాని పరిధిలోకి వస్తుంది. ఆరో సెక్షన్ ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా, సందేహానికి తావు లేకుండా ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోగలగాలి. టీచరు గారూ, మీ ప్రశ్నకు సూటిగా తగిలే మాట కూడా అక్కడే ఉంది: సమ్మతి అడిగే విన్నపం సరళమైన భాషలో ఉండాలి, దాన్ని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. ఆ భాషల్లో తెలుగు ఉంది. మీరు చెప్పిన ‘లెజిటిమేట్ ఇంటరెస్ట్’ వరుస కూడా ఐరోపా చట్టపు మాటే. మన చట్టం సమ్మతి అక్కరలేని సందర్భాలను ఏడో సెక్షన్‌లో విడిగా పేర్కొంది, వాటిలో అంత వెడల్పాటి దారి లేదు.

అయితే తొందరపడి సంతోషించవద్దు. ఈ చట్టానికి నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, సమ్మతికి సంబంధించిన ముఖ్యమైన బాధ్యతలు పద్దెనిమిది నెలల గడువు తరువాతే, అంటే 2027లోనే అమలులోకి వస్తాయి. ఈలోపు ఉన్న ఆధారం 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ జారీచేసిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు. వస్తువులు, సేవలు అందించే వేదికలు వాడకూడని 13 రకాల మోసపు పద్ధతులను అందులో పేర్కొన్నారు. ఒక ఎంపికను ముందుకు తోసి మరొకదాన్ని మరుగుపరచడం, తికమక పెట్టే ప్రశ్న వేయడం, పదేపదే అడిగి విసిగించడం వాటిలో ఉన్నాయి. కొనుగోలు సైటులో ఇటువంటిది ఎదురైతే, తెర ఫోటో తీసి ఉంచుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి.

జవాబు: గాజువాక నుంచి, ఒక చిన్న తెలుగు సైటు నడిపేవారు

అందరి మాటలతోనూ ఏకీభవిస్తాను గానీ, ఒక మాట అడగాలి. నా సైటు చదవడానికి ఎవరూ రూపాయి ఇవ్వరు. సర్వరు ఖర్చు, రాసేవారికి ఇచ్చే కొద్దిపాటి పారితోషికం ప్రకటనల నుంచే రావాలి. అందరూ వద్దంటే మాలాంటివాళ్లం మూసుకోవలసిందేనా?

జవాబు: మధురవాడ నుంచి, వెబ్‌సైట్లు తయారుచేసే వ్యక్తి

మీ ఇబ్బంది నిజమైనదే. కానీ ప్రకటన వేరు, వెంటపడటం వేరు. మోకాళ్ల నొప్పుల వ్యాసం పక్కన నొప్పి నూనె ప్రకటన వేయడానికి చదివేది ఎవరో తెలియనక్కర లేదు, వ్యాసం దేని గురించో తెలిస్తే చాలు. దానికి ధర తక్కువ పలకవచ్చు, ఆ నష్టం మీరు భరించాలి. ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి పాఠకురాలి ఆరోగ్య విషయాలను ఆవిడకు తెలియకుండా పంచడం మాత్రం నాకు న్యాయంగా తోచదు.

జవాబు: ఎంవీపీ కాలనీ నుంచి, పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగి

అమ్మా, మూడో ప్రశ్నకు నా అనుభవం చెబుతాను. మా అపార్టుమెంటులో ఆరుగురు పెద్దవాళ్ల ఫోన్లలో ఇదే పని చేసి పెట్టాను. ఆండ్రాయిడ్ ఫోనయితే ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు వేసి, అందులో యూబ్లాక్ ఆరిజిన్ అనే పొడిగింపును (బ్రౌజరుకు అదనంగా జోడించే చిన్న ప్రోగ్రామును) చేర్చండి. దాని సెట్టింగుల్లో ఫిల్టరు జాబితాలు అన్నచోట కుకీ నోటీసుల విభాగం ఉంటుంది. దానికి టిక్కు పెడితే చాలా సైట్లలో ఆ పెట్టె అసలు కనిపించదు. ఏదీ నొక్కలేదు కాబట్టి అంగీకరించినట్టు కాదు, పైగా వెంటపడే కోడ్‌ను కూడా చాలావరకు అది ఆపేస్తుంది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి కంప్యూటర్లలో ప్రతి సైటు కుకీలను, ఒక సైటులో పెట్టినది మరో సైటులో పనికిరాకుండా, విడివిడి అరల్లో ఉంచుతోంది. ఐఫోన్‌లో సఫారీ 2020 నుంచే థర్డ్‌పార్టీ కుకీలను పూర్తిగా అడ్డుకుంటోంది. క్రోమ్ మాత్రం వాటిని తానే తీసేస్తానని చెప్పి, తరువాత ఆ ఆలోచన విరమించుకుంది కాబట్టి, అది వాడేవారు సెట్టింగుల్లోకి వెళ్లి స్వయంగా ఆపుకోవాలి.

ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో ప్రైవసీ కింద ప్రకటనలు అన్నచోట అడ్వర్టయిజింగ్ ఐడీని (ప్రకటనల కోసం ఫోనుకు ఇచ్చే గుర్తింపు సంఖ్యను) తొలగించడం కూడా మరవకండి. ఇది యాప్‌ల కోసం. ఇవన్నీ చేసినా, లాగిన్ అయి చదివితే మీరెవరో ఆ సైటుకు తెలుస్తూనే ఉంటుంది. ఒక హెచ్చరిక: కొన్ని సైట్లలో పెట్టె మాయమైనా పేజీ కదలదు. అప్పుడు పెద్దవాళ్లు కంగారుపడతారు, ఆ సైటు వదిలేసి వేరేది చూడమని ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న అడిగినవారు: సీతమ్మధార నుంచి

అందరికీ కృతజ్ఞతలు. బ్యాంకు మాస్టారు చెప్పినట్టు నిన్న సాయంత్రం అమ్మ ఫోనులో అన్నీ అమర్చాను, పావుగంట కూడా పట్టలేదు. టోకెన్ పోలికతో విషయం చెబితే, అమ్మ కాసేపు మాట్లాడకుండా ఉండి, “అయితే ఈ రెండేళ్లూ నా మోకాళ్ల సంగతి, మీ నాన్న షుగరు సంగతి వాళ్లందరికీ చెప్పానన్నమాట” అంది. ఏం జవాబు చెప్పాలో నాకు తోచలేదు. నీ తప్పు కాదని మాత్రం చెప్పాను.

న్యాయవాది గారు చూపిన ఆరో సెక్షన్‌ను ఉదహరిస్తూ, సమ్మతి పెట్టెను తెలుగులో పెట్టమని, వద్దు అనే బటన్‌ను మొదటి తెరలోనే అదే పరిమాణంలో ఉంచమని ఆ సైటువారికి ఈరోజు ఉదయం ఉత్తరం రాశాను. గడువు 2027 దాకా ఉన్నా, ఇప్పుడే మార్చకూడదన్న నియమం ఏదీ లేదు కదా. ఉత్తరం కింద అమ్మ కూడా తన పేరు తెలుగులో రాయించుకుంది. జవాబు వస్తే ఇక్కడే తెలియజేస్తాను.