మా పెదనాన్నకి గడ్డ ఎందుకు లాగలేదు? పక్క బెడ్ ఆయనకి లాగారు కదా

భీమవరం_బుల్లోడు:
అందరికీ నమస్కారం. పోయిన నెల మా పెదనాన్న పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే కుడి చేతిలోంచి బ్రష్ జారిపోయింది, మూతి కొంచెం పక్కకి లాగింది. పెద్దమ్మ ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోన్ చేసింది, రెండున్నర గంటల్లో విజయవాడలో పెద్దాసుపత్రికి చేర్చాం. సీటీ తీశారు, మళ్ళీ రంగు మందు ఎక్కించి ఇంకో సీటీ తీశారు, నరానికి ఒక ఇంజెక్షన్ ఇచ్చి ఐసీయూలో పెట్టారు. అదే రోజు మధ్యాహ్నం పక్క బెడ్‌కి ఒకాయన వచ్చాడు, మాట మొత్తం పడిపోయింది, కుడి పక్క కదలికే లేదు. ఆయన్ని క్యాథ్‌ల్యాబ్‌కి తీసుకెళ్ళి గజ్జల్లోంచి వైరు పంపి మెదడులో గడ్డని బయటికి లాగేశారట. మర్నాటికల్లా ఆయన కాలు ఎత్తుతున్నాడు! మా పెదనాన్న చెయ్యి మాత్రం ఇప్పటికీ సగమే లేస్తోంది.

మా బావేమో "డబ్బుకి వెనకాడం అని ముందే చెప్పుంటే మనకీ చేసేవాళ్ళు" అంటున్నాడు, ఇంట్లో రోజూ ఇదే గొడవ. డాక్టర్ని అడిగితే "మీకు దాని అవసరం లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అసలు ఆ డివైస్ ఏంటి, ఎలా లాగుతుంది, ఎవరికి పెడతారు? మాకూ పెట్టాల్సిందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

క్యాథ్‌ల్యాబ్_నైట్‌డ్యూటీ:
బ్రదర్, నేను హైదరాబాద్‌లో న్యూరో క్యాథ్‌ల్యాబ్ టెక్నీషియన్ని. మీ పెదనాన్న కేసు మీద తీర్పు చెప్పడం నా పని కాదు గానీ ఆ సామాను రోజూ చేత్తో పట్టుకునేవాణ్ణి కాబట్టి అది చెప్తా.

దాని పేరు స్టెంట్ రిట్రీవర్. గుండెకి వేసే స్టెంట్ లోపలే ఉండిపోతుంది, ఇది ఉండదు, వైరు చివర అతికించిన వల అల్లిక గొట్టం, పని అయ్యాక గడ్డతో సహా బయటికి రావాలి. వెడల్పు నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్లు, పొడవు రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లు ఉంటాయి ఎక్కువగా. నికెల్, టైటానియం కలిపిన నిటినాల్‌తో చేస్తారు, ఎంత నొక్కి సన్నటి ట్యూబులో దూర్చినా బయటికి రాగానే తన ఆకారానికి తను వచ్చేస్తుంది. గజ్జల్లో రక్తనాళానికి సూది వేసి, అక్కణ్ణుంచి మెడదాకా ఒక లావు ట్యూబు, దాంట్లోంచి ఇంకో మెత్తటి ట్యూబు, దాంట్లోంచి దాదాపు మిల్లీమీటరు మందం ఉండే మైక్రోక్యాథెటర్. ఆ చివరిది గడ్డని దాటి అవతలికి వెళ్ళాలి. స్టెంట్‌ని అందులోంచి పంపి, గడ్డ ఉన్నచోట ట్యూబుని వెనక్కి లాగితే స్టెంట్ విచ్చుకుంటుంది, దాని వల కన్నాల్లోకి గడ్డ దిగబడుతుంది. అక్కడ కొన్ని నిమిషాలు ఆగుతారు. గదిలో అందరూ గడియారం చూస్తూ ఉంటారు, ఎవరూ మాట్లాడరు. తర్వాత మెడ దగ్గర బెలూన్ ఉబ్బించి రక్తం ఆపి, సిరంజితో గానీ పంపుతో గానీ పీలుస్తూ మొత్తాన్ని మెల్లగా లాగుతారు. బెలూన్ ఎందుకంటే, లాగేటప్పుడు గడ్డ ముక్కలైతే రక్తం వేగానికి అవి పైకి కొట్టుకుపోయి ఇంకో రక్తనాళాన్ని మూసేస్తాయి.

బయటికొచ్చాక స్టెంట్‌ని సెలైన్‌లో కడిగి గడ్డని తెల్ల గాజుగుడ్డ మీద పెడతాం. ఎర్రగా మెత్తగా ఉన్నవి తొందరగా వస్తాయి. తెల్లగా రబ్బరులా సాగేవి ఉంటాయి చూడండి, ఫైబ్రిన్ (రక్తాన్ని గడ్డకట్టించే పీచు) ఎక్కువున్నవి, అవి చుక్కలు చూపిస్తాయి, స్టెంట్ వాటి పక్కనుంచి జారి వచ్చేస్తుంది, మళ్ళీ వెళ్ళాలి. మొదటిసారే వచ్చేస్తే పేషెంట్ కోలుకునే అవకాశం ఎక్కువ. స్టెంట్ లేకుండా గడ్డ మొహం దాకా లావు ట్యూబు తీసుకెళ్ళి పంపుతో పీల్చేసే పద్ధతి కూడా ఉంది, చాలా కేసుల్లో రెండూ కలిపి వాడతారు.

న్యూరో_పీజీ:
పైన సామాను గురించి చక్కగా చెప్పారు. ఎవరికి పెడతారు అన్నది నేను చెప్తాను.

మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోతేనే దీని వల్ల గట్టి లాభం. మెడలోంచి పైకొచ్చే కెరోటిడ్, దాని కొమ్మ మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ మొదటి భాగం, ఇలాంటివి. ఆ కొమ్మ మొదట్లో రెండున్నర మూడు మిల్లీమీటర్లుంటుంది, డివైస్ పడుతుంది. దాన్నుంచి లోపలికి దిగే సన్న నాళాలు అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటాయి, బీపీ షుగర్ ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళలో తరచూ అవే మూసుకుపోతాయి. చెయ్యి బలహీనపడి, మూతి లాగి, మాట మాత్రం అర్థవంతంగా ఉందంటే ఎక్కువ అనుమానం వాటి మీదే. మిల్లీమీటరు ట్యూబు అర మిల్లీమీటరు నాళంలోకి వెళ్ళదు, కోటి రూపాయలు కట్టినా వెళ్ళదు. రంగు మందు ఎక్కించి రెండో సీటీ తీశారన్నారు చూడండి, అది సీటీ యాంజియో, పెద్ద నాళంలో గడ్డ ఉందా లేదా అని చూడటానికే. అంటే వాళ్ళు వెతికారు. పక్క బెడ్ ఆయనకి మాట పోయి ఒక పక్క మొత్తం పడిపోయిందంటున్నారు, అది పెద్ద నాళం మూసుకున్న తీరు.

మధ్య సైజు నాళాల్లో కూడా లాగితే బాగుంటుందేమోనని డిస్టల్, ఎస్కేప్ మీవో అని రెండు పెద్ద ట్రయల్స్ (పేషెంట్ల మీద పోల్చి చూసే పరీక్షలు) చేశారు, 2025లో ఫలితాలొచ్చాయి. మందులతో పోలిస్తే అదనంగా ఒరిగిందేమీ కనపడలేదు. నాళం చిరగడం, మెదడులో రక్తస్రావం లాంటి ప్రమాదాలు మాత్రం ఎప్పుడూ ఉన్నవే. కాబట్టి "చెయ్యలేదు" అన్నది ప్రతిసారీ నిర్లక్ష్యం కాదు.

మీకిచ్చిన ఇంజెక్షన్ గడ్డని కరిగించేది, నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, మీ పెద్దమ్మ గారి పుణ్యమా అని ఆ టైమ్ దక్కింది.

అరుగు_మీద_కబుర్లు:
అంతా బాగానే ఉంది గానీ ఒక మాట అడుగుతా. 2013లో ఒకేసారి మూడు ట్రయల్స్ వచ్చి ఈ లాగుడు వల్ల ప్రయోజనం లేదని తేల్చాయి, రెండేళ్ళు తిరిగేసరికి 2015లో ఐదు ట్రయల్స్ వచ్చి అద్భుతం అన్నాయి. ఈ మధ్యలో మనిషి మెదడు మారిందా, లేక కంపెనీల మార్కెటింగ్ మారిందా? డివైస్ రేటు లక్షల్లో ఉన్నప్పుడు అనుమానం రావడం తప్పు కాదు కదా.

న్యూరో_పీజీ:
అనుమానం న్యాయమైనదే, కానీ మారింది డివైసూ, మనుషుల ఎంపికా. 2004లో అమెరికాలో అనుమతి వచ్చిన మొదటి డివైస్ మెర్సీ, సీసా బిరడా తీసే మెలితీగ ఆకారంలో ఉండేది, గడ్డని గుచ్చి లాగాలి. చాలాసార్లు గడ్డ పూర్తిగా వచ్చేది కాదు. సాలిటైర్, ట్రెవో అనే స్టెంట్ రకాలకి 2012లో అనుమతొచ్చింది, రెండిటినీ మెర్సీతో పక్కపక్కన పెట్టి చూస్తే స్టెంట్లే గెలిచాయి. 2013 నాటి ట్రయల్స్‌లో ఎక్కువమందికి పాత పద్ధతులే వాడారు, పైగా కొన్నిట్లో పెద్ద నాళంలో గడ్డ ఉందో లేదో స్కాన్‌లో తేల్చకుండానే పేషెంట్లని చేర్చుకున్నారు. లేని గడ్డని లాగితే లాభమెక్కడిది?

తర్వాత నెదర్లాండ్స్‌లో 16 ఆసుపత్రులు కలిసి 500 మందితో ఎమ్ఆర్ క్లీన్ అనే ట్రయల్ చేశాయి. మూడు నెలలకి తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్ళు, గడ్డ లాగినవాళ్ళలో దాదాపు 33 శాతం, లాగనివాళ్ళలో 19 శాతం. ఆ తేడా పెద్దదే, కానీ ఇంకో వైపు నుంచి కూడా చూడండి, లాగినా మూడింట రెండొంతుల మంది సొంతంగా తిరగలేకపోయారు. తర్వాతి ట్రయల్స్‌లో ఫలితాలు ఇంకా మెరుగయ్యాయి. నిద్రలోనే పక్షవాతం వచ్చి ఎప్పుడొచ్చిందో తెలియనివాళ్ళకి కూడా, మెదడులో ఇంకా బతికున్న భాగం మిగిలుందని స్కాన్‌లో కనపడితే 24 గంటల దాకా చెయ్యొచ్చని డాన్ ట్రయల్ చూపించింది.

గుంటూరు_సిస్టర్:
నేను వాస్క్యులర్ సర్జరీ వార్డులో నర్సుని. గడ్డ లాగడం కాళ్ళకైతే చాలా పాతదే. థామస్ ఫోగార్టీ అని అమెరికాలో ఒకాయన, మెడికల్ స్టూడెంట్‌గా ఉన్నప్పుడే, సన్నటి యూరినరీ క్యాథెటర్ చివర సర్జరీ గ్లవుజు వేలి కొస కత్తిరించి కట్టి బెలూన్ చేశాడు. చేపలు పట్టే ఎర ముళ్ళకి దారం చుట్టే అలవాటు ఉండేదట, ఆ ముడులే దీనికీ వేశాడు. గడ్డ దాటించి, ఉబ్బించి, వెనక్కి లాగడమే. 1961లో మొదటిసారి పేషెంట్‌కి వాడారు, ఇవాళ్టికీ కాలు చల్లబడి నల్లబడుతున్న పేషెంట్ వస్తే మా థియేటర్‌లో సిస్టర్లు మొదట అడిగేది "ఫోగార్టీ ఏ సైజు?" అనే.

గుండెకి మాత్రం కథ వేరు. గుండెపోటులో గడ్డని పీల్చేస్తే మంచిదేగా అని అందరూ అనుకున్నారు, టోటల్ అనే ట్రయల్‌లో పదివేల మందికి పైగా చూస్తే అందరికీ పీల్చడం వల్ల అదనపు లాభం లేదు, పైగా పక్షవాతం కాస్త ఎక్కువమందికి వచ్చింది. అందుకే ఇప్పుడు గుండెలో అవసరమైన కొద్దిమందికే చేస్తున్నారు. ఒక నాళంలో పనికొచ్చింది ఇంకో నాళంలోనూ పనికొస్తుందని గుడ్డిగా నమ్మకూడదు, మీ బావగారికి ఇది చదివి వినిపించండి.

భీమవరం_బుల్లోడు:
అందరికీ చాలా థాంక్స్. డిశ్చార్జ్ కాగితం ఇప్పుడు తీసి చూశాను, "లెఫ్ట్ ఇంటర్నల్ క్యాప్సూల్ లాక్యునార్ ఇన్‌ఫార్క్ట్, నో లార్జ్ వెస్సెల్ అక్లూషన్" అని ఉంది. అంటే పెద్ద నాళంలో గడ్డ లేదనే కదా? బావకి ఫోటో పంపాను, ఇంకా బ్లూ టిక్ పడలేదు. పెద్దమ్మ చుట్టాలొకరు పావురం రక్తం రాస్తే చెయ్యి వస్తుందంటున్నారు, అది ఎలా ఆపాలో కూడా చెప్పండి.

న్యూరో_పీజీ:
అవును, సరిగ్గా అదే. లోపల సన్న నాళం మూసుకుంది, లాగడానికి పెద్ద గడ్డ లేదు. పావురాన్ని వదిలెయ్యమనండి, ఆ రాసే టైమ్‌లో ఫిజియోథెరపీ చేయిస్తే చెయ్యి మెరుగవుతుంది, మొదటి మూడు నెలలే కీలకం, సగం లేస్తోందంటే ఆశ ఉంది. బీపీ రోజూ రాసి పెట్టుకోండి, రాసిచ్చిన ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్రలు బాగైపోయిందని ఆపొద్దు. బీడీ, చుట్ట ఉంటే మానిపించండి. రివ్యూకి వెళ్ళినప్పుడు గుండె లయ చూడటానికి హోల్టర్ (ఒంటికి తగిలించి గుండె కొట్టుకోవడాన్ని నమోదు చేసే చిన్న యంత్రం) పెట్టాలా అని అడగండి, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) ఉంటే మాత్రలు వేరే ఇస్తారు.

క్యాథ్‌ల్యాబ్_నైట్‌డ్యూటీ:
ఇంకొక్కటి. ఖర్చు గురించి ఎవరో అడిగారు. ఈ స్టెంట్ ఒక పేషెంట్‌కి వాడి పారెయ్యాల్సిందే, మనకి చాలావరకు దిగుమతే, అందుకే ఆ రేటు. సూపర్‌నోవా అనే కొత్త స్టెంట్ మీద ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో మన దేశంలోనే ట్రయల్ జరిగింది, రేట్లు దిగుతాయేమో చూడాలి. కార్డు ఉన్నవాళ్ళు మాత్రం అడ్మిషన్ కాగానే ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో అడగండి, బిల్లు వచ్చాక అడిగితే ఎవరూ ఏమీ చెయ్యలేరు.