సెంట్రింగ్, బేల్దారి, కంబి పనులకు విదేశాల పిలుపు: వీసాలో మీ పని పేరు ఏమని ఉందో చూసుకున్నారా?

సెంట్రింగ్ మేస్త్రీ, తిరుపతి

అందరికీ నమస్కారం. పన్నెండేళ్లుగా తిరుపతిలోనూ రేణిగుంట చుట్టుపక్కలా సెంట్రింగ్ పని చేస్తున్నాను. నెల రోజుల క్రితం ఒక మధ్యవర్తి మా పని దగ్గరికే వచ్చి, కువైట్‌లో పెద్ద కట్టడాలకు చేయి తిరిగిన పనివాళ్లు కావాలని, మొత్తం లక్షా అరవై వేలు అవుతుందని, అందులో నలభై వేలు, పాస్‌పోర్టు ముందుగా ఇస్తే మిగతాది తానే చూసుకుంటానని చెప్పాడు. కాగితం చూపించమంటే అరబిక్‌లో ఉన్న వీసా ఫోటో ఒకటి ఫోన్‌కు పంపాడు. నేను చదివింది తొమ్మిదో తరగతి వరకే. వెళ్లాలా వద్దా అని అడగడం లేదు, ఇంటి అప్పు తీరాలంటే వెళ్లక తప్పదు. వెళ్లే దారి సరైనదో కాదో ఎలా తెలుసుకోవాలో, వెళ్లి వచ్చినవారు చెప్పగలరని రాస్తున్నాను.

కంబి పని, చిత్తూరు

తమ్ముడూ, ముందు ఆ ఫోటోను అరబిక్ వచ్చినవారి చేత చదివించు. కువైట్ వీసాల్లో మనవాళ్లు ఖాదిమ్ వీసా అనేది 20వ నంబరు, అంటే ఇంటి పనికి ఇచ్చేది. షూన్ వీసా అనేది 18వ నంబరు, అంటే కంపెనీ పనికి ఇచ్చేది. ఖాదిమ్ వీసా మీద వెళ్లి బయట కట్టడాల్లో పని చేయడం అక్కడి చట్టం ప్రకారం నేరం, దొరికితే వెనక్కి పంపించేస్తారు. ఈ తేడా చెప్పేవారు లేక నేను 2016లో ఖాదిమ్ వీసా మీదే వెళ్లాను.

కాగితాల ప్రకారం నేను ఒక ఇంట్లో పనివాడిని, చేతిలో ఉన్నదేమో కట్టుతీగ బిగించే కొక్కెం. ఆ ఇంటి యజమానిని, అంటే నా కఫీల్‌ను, నాలుగేళ్లలో నేను చూసింది మూడు సార్లే, అదీ అకామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి, కొత్తది చేయించుకోవడానికి డబ్బు కట్టినప్పుడు. తనిఖీ వస్తోందని ఫోన్ వచ్చిన రోజు పని ఎక్కడికక్కడ వదిలేసి గోడ వెనక కూర్చునేవాళ్లం, ఆ రోజు కూలి ఉండేది కాదు. ఒకసారి పన్నెండు ఎంఎం కంబి జారి అరచేయి బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా చీలింది. ఆసుపత్రి గేటు దగ్గర ఫోర్‌మన్ నా భుజం పట్టుకుని, ఇంట్లో గాజు పగిలి తెగిందని చెప్పమన్నాడు, నేనూ అలాగే చెప్పాను. పని చోట దెబ్బ తగిలిందని నోరు తెరిస్తే నష్టపరిహారం మాట అటుంచి, ముందు నేనే నేరస్థుణ్ణి అవుతాను కదా. ఇప్పటికీ ఆ బొటనవేలు పూర్తిగా ముడుచుకోదు.

2024లో జూలై 14 నుంచి సెప్టెంబరు 12 వరకు 20వ నంబరు నుంచి 18కి మారడానికి కువైట్ ప్రభుత్వం వీలు కల్పించింది, నాతో గదిలో ఉన్న ఇద్దరు అప్పుడే మారిపోయారు. అటువంటి అవకాశం మళ్లీ వస్తుందని నమ్ముకుని మాత్రం వెళ్లవద్దు. నీకు వచ్చింది సెంట్రింగ్ పని, వీసాలోనూ ఒప్పందంలోనూ ఆ పని పేరే ఉండాలి.

పాస్‌పోర్టు ఫారాలు నింపేవాడిని, తిరుపతి

చిత్తూరు అన్నగారు చెప్పినదానికి చట్టం వైపు నుంచి కొంత చేరుస్తాను. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్, అంటే వలస తనిఖీ అవసరమైన, కోవలోకి వస్తుంది. అటువంటివారు కువైట్, సౌదీ, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, యూఏఈ, మలేషియా సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే 1983 నాటి వలస చట్టం ప్రకారం ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వం ఇచ్చే వలస అనుమతి, తప్పనిసరి. దాన్ని అడ్డంకిగా చూడకండి. విదేశీ యజమాని ఎవరు, జీతం ఎంత, పని ఏమిటి అన్నవి విదేశీ ఉద్యోగాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఈమైగ్రేట్‌లో నమోదైతేనే అది వస్తుంది కాబట్టి, మనకు మొదటి రక్షణ అదే.

ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో నమోదైన ఏజెంట్ల పేర్లన్నీ ఉంటాయి. మీ దగ్గరికి వచ్చిన మనిషిని ఆయన పని చేసే సంస్థ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, అవి రెండూ అక్కడ ఉన్నాయేమో చూడండి. ఊళ్లు తిరిగే సబ్ ఏజెంట్లకు చట్టంలో చోటు లేదు. నమోదైన ఏజెంటు కూడా పనివాడి దగ్గర తీసుకోదగిన రుసుము 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. లక్షా అరవై వేలకు రసీదు ఇమ్మని అడిగి చూడండి, ఆయన జవాబులోనే మీకు విషయం తెలిసిపోతుంది.

క్లియరెన్స్‌తో పాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా చేయిస్తారు. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా పది లక్షలు వస్తాయి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉంటున్న భవనం తగలబడి 45 మంది భారతీయులు చనిపోయారు, వారిలో మన రాష్ట్రం వారు ముగ్గురు. ఆ వార్త చదివిన రోజు నుంచి నా దగ్గరికి ఫారం కోసం వచ్చే ప్రతి ఒక్కరినీ బీమా కాగితం ఇంట్లో ఎవరి దగ్గర పెట్టి వెళ్తున్నారని అడుగుతున్నాను.

పలమనేరు నుంచి, టైల్స్ పనివారి భార్య

మా ఆయన ఖతార్‌లో టైల్స్ పని చేస్తున్నారు. మొదటిసారి వచ్చిన ఒప్పందంలో ఇంగ్లీషు, అరబిక్ తప్ప మరో భాష లేదు. సంతకం పెట్టి రేపటికల్లా పంపమన్నారు. మా పెద్దమ్మాయి ఇంటర్ చదువుతోంది, రాత్రి కూర్చుని డిక్షనరీ పెట్టుకుని ఒక్కొక్క పదమూ చదివింది. మాతో నోటితో చెప్పిన మాట ‘టైల్ మేసన్’, కాగితం మీద ఉన్నది ‘హెల్పర్’. జీతం 1,000 రియాళ్లు. ఆ వెయ్యి 2021 నుంచి ఖతార్‌లో ఏ పనివాడికైనా చట్టం ఇచ్చే కనీస వేతనమని, యజమాని వసతి ఇవ్వకపోతే దానికి 500, భోజనం పెట్టకపోతే దానికి 300 రియాళ్లు అదనంగా ఇవ్వాలని తరువాత తెలిసింది. ఇరవై ఏళ్ల పనితనానికి కనీస వేతనం రాసి ఇచ్చారన్నమాట.

మేము సంతకం పెట్టలేదు. వీసా చెయ్యి జారిపోతుందని బంధువులు మమ్మల్ని తిట్టారు, నాకూ రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. పది రోజులకు అదే కంపెనీ నుంచి పని పేరు సరిదిద్దిన కాగితం వచ్చింది. అందరికీ ఇలాగే జరుగుతుందని నేను అనను. కానీ అన్నా, విమానం ఎక్కక ముందు మీరు అడిగే మాటకు ఉన్న బలం, అక్కడ దిగిన తరువాత ఉండదు. ఒప్పందం నకలు ఒకటి ఇంట్లో పెట్టి వెళ్లండి. పాస్‌పోర్టు మాత్రం ఆ మధ్యవర్తి చేతికి ఇవ్వకండి.

తాపీ పట్టినవాడిని, శ్రీకాళహస్తి

పనితనం పరీక్ష గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. నమోదైన సంస్థల ద్వారా వెళ్లేవారికి చాలావరకు ట్రేడ్ టెస్ట్ పెడతారు, మన వైపు వారు ఎక్కువగా చెన్నైకి వెళ్తుంటారు. నేను ప్లాస్టరింగ్‌కు హాజరయ్యాను, నా పక్కనే సెంట్రింగ్ వాళ్ల పరీక్ష జరిగింది. వాళ్లకు ఒక డ్రాయింగ్ ఇచ్చి, స్తంభానికి పెట్టె కట్టమన్నారు. నాలుగు మూలలూ మూలమట్టానికి కుదరాలి, కర్ణాలు రెండూ ఒకే కొలత రావాలి, రెండు వైపుల నుంచి గుండు వేలాడదీసి నిలువు చూపించాలి. పని వచ్చినవారే అక్కడ తడబడ్డారు, కారణం డ్రాయింగ్‌లోని కొలతలన్నీ మిల్లీమీటర్లలో ఉండటమే. మనకు అడుగు, అంగుళం నోటి లెక్క, 2400 అని కనబడగానే మనసులో దాన్ని అడుగుల్లోకి తిప్పుకోవడానికే సగం సమయం పోతుంది. ఈ వారం నుంచే టేపు రెండో వైపు తిప్పి పట్టుకోవడం అలవాటు చేసుకో.

కంబి పని వాళ్లకు నిలువు కంబీల చుట్టూ కట్టే రింగుల కొనలు 135 డిగ్రీలు వంచి చూపించమన్నారు. భూకంపాన్ని తట్టుకునే కట్టడాలకు మన దేశపు నిబంధన కూడా అదే అయినా, మన దగ్గర చాలా చోట్ల 90 దగ్గరే ఆపేస్తుంటారు, చేయి ఆ అలవాటుకే పోతుంది. నా మట్టుకు నేను బుడగతో మట్టం చూసే రసమట్టం పెట్టకుండా కంటి చూపుతో గోడ పూర్తి చేసి మార్కులు పోగొట్టుకున్నాను. గోడ బాగానే వచ్చింది, పద్ధతి చూపించలేదన్నారు.

ఇజ్రాయెల్‌తో 2023 నవంబరులో కుదిరిన ఒప్పందం కింద సెంట్రింగ్, కంబి వంపు, టైల్స్, ప్లాస్టరింగ్ అనే నాలుగు పనులకు పరీక్షలు పెట్టి మనుషులను ఎంచుకున్నారు. అయినా 2024లో అక్కడికి వెళ్లినవారిలో కొందరికి పనితనం చాలక వేరే పనుల్లో పెట్టారని పత్రికల్లో వచ్చింది. పరీక్షలో గట్టెక్కితే చాలనుకుంటే పరాయి దేశంలో మొదటి వారంలోనే ఆ లోటు బయటపడుతుంది. ఇంకో మాట, ఆ 18 దేశాల జాబితాలో ఇజ్రాయెల్ లేదు, కాబట్టి అక్కడికి వెళ్లేవారికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అనే వడపోత వర్తించదు, ఒప్పందాన్ని మరింత జాగ్రత్తగా చదువుకోవాలి.

ఐటీఐ విద్యార్థి, చిత్తూరు

పెద్దలందరికీ నమస్కారం. జపాన్‌కు నిర్మాణ పనులకు తీసుకుంటున్నారని విన్నాను, నిజమేనా?

పాస్‌పోర్టు ఫారాలు నింపేవాడిని, తిరుపతి

నిజమే బాబూ. 2019 ఏప్రిల్ నుంచి నిర్దిష్ట నైపుణ్య వీసా అని జపాన్ ఇస్తోంది, నిర్మాణ రంగం కూడా అందులో ఉంది. మన దేశంతో 2021 జనవరిలో దీనికి ఒప్పందం జరిగింది. పని పరీక్షతో పాటు జపనీస్ భాష పరీక్ష కూడా గట్టెక్కాలి, మొదటి కోవ వీసా మీద మొత్తం ఐదేళ్ల వరకు ఉండవచ్చు. నీ వయసుకు భాష నేర్చుకోవడం కష్టం కాదు, ఐటీఐ చదువుతుండగానే మొదలుపెట్టు. రాష్ట్ర ప్రభుత్వపు విదేశీ ఉద్యోగాల సంస్థ ఓంక్యాప్ ప్రకటనలు కూడా చూస్తూ ఉండు.

ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు, తిరుపతి

నా దగ్గరి నుంచి ఇప్పటికి ఆరుగురు మంచి మేస్త్రీలు గల్ఫ్ వెళ్లారు, ఇప్పుడు ఒడిశా నుంచీ బీహారు నుంచీ వచ్చిన పిల్లలతో పని నడుపుతున్నాను. వెళ్లినవారి మీద నాకు కోపం లేదు, ఇక్కడ నేను ఇవ్వగలిగినది వారి అప్పులకు చాలదు. ఒకటి మాత్రం చేయగలను. ఎన్నేళ్లు ఏ పని చేశారో లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం, ముద్ర వేసి ఇస్తున్నాను. అనుభవం కాగితం లేనందుకే చేయి తిరిగిన మనిషిని హెల్పర్‌గా రాస్తున్నారంటే అది మా తప్పు కూడా. మీ మేస్త్రీని, మీ కాంట్రాక్టరునూ మొహమాటం లేకుండా అడగండి.

సెంట్రింగ్ మేస్త్రీ, తిరుపతి

అందరికీ కృతజ్ఞతలు. ఆ ఫోటోను మా వీధిలో సౌదీలో పదేళ్లు ఉండి వచ్చిన పెద్దాయన చేత చదివించాను. అది 20వ నంబరే, పని దగ్గర ‘ఇంటి డ్రైవరు’ అని ఉందట. నాకు బండి నడపడం కూడా రాదు. మధ్యవర్తిని రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే, అటువంటివన్నీ అడిగేవాళ్లకు వీసాలు రావని చెప్పి ఫోన్ పెట్టేశాడు. పాస్‌పోర్టు ఇంకా నా దగ్గరే ఉంది, డబ్బు ఇవ్వలేదు.

ఈమైగ్రేట్‌లో పేరున్న చెన్నై సంస్థ ఒకటి సెంట్రింగ్‌కు వచ్చే నెల పరీక్ష పెడుతోంది, దానికి పేరు ఇచ్చాను. కాంట్రాక్టరు గారు చెప్పినట్టు అనుభవం కాగితం కూడా రాయించుకున్నాను. శ్రీకాళహస్తి అన్నా, ఈరోజు స్లాబు పనంతా మిల్లీమీటర్లలోనే కొలిచాను, సాయంత్రానికి కాస్త చేయి కుదిరింది. ఆ డ్రాయింగ్ ఎలా ఉంటుందో గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద గీసి పెట్టగలవా?

తాపీ పట్టినవాడిని, శ్రీకాళహస్తి

రేపు ఆదివారమే కదా తమ్ముడూ, గీసి ఇక్కడే పెడతాను. కంబి పని వాళ్ల రింగుల బొమ్మ కూడా అందులోనే వేస్తాను.