రోబో పోటీలో జట్టుకి ఒక్కరే పనిచేస్తున్నారు, ఏం చేయాలి?

తిరుపతి దగ్గర ఒక హైస్కూల్లో శనివారం మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు లైన్ ఫాలోవర్ రోబో (నేల మీది గీత వెంట తనంతట తానే నడిచేది) నేర్పిస్తున్నాను. 24 మంది, నలుగురేసి 6 జట్లు. జట్టుకో కిట్: కోడ్ ఎక్కించే చిన్న బోర్డు ఆర్డుయినో యూనో, మోటార్లను నడిపించే ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్, గీతను గుర్తించే రెండు ఐఆర్ సెన్సర్లు. తెల్ల ఫ్లెక్స్ మీద నల్ల టేపుతో ట్రాక్ వేశాను. తక్కువ టైంలో చుట్టి వచ్చినవాళ్లు గెలిచినట్టు.

ఉత్సాహానికి లోటు లేదు. కానీ ప్రతి జట్టులోనూ కోడ్ రాసేది ఒక్కరే. మిగతా ముగ్గురూ వైర్లు అందిస్తారు, చప్పట్లు కొడతారు. మూడో వారం అలా రాసేవాళ్లు ఇద్దరు రాలేదు. ఆ రెండు జట్లకీ సెన్సర్ మీదున్న చిన్న స్క్రూ తిప్పి సరిచేసుకోవడం కూడా తెలియలేదు, రోబో ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఆడపిల్లలకైతే చార్టు రాసే పని అంటగట్టేస్తున్నారు, అదింకా బాధ.

వారం వారం పనులు మార్చి చూశాను. పోటీ రోజు మళ్లీ పాత మనిషికే ల్యాప్‌టాప్ ఇచ్చేశారు (గెలవాలి కదా!). తర్వాత ఒక్కొక్కరినీ ప్రశ్నలడిగి 10 మార్కులు పెట్టాను, జవాబులు బట్టీ పట్టి వచ్చారు. ఇద్దరేసి జట్లు చేద్దామంటే కిట్లు ఆరే ఉన్నాయి.

ఫైనల్‌కి ఇంకా మూడు శనివారాలే ఉన్నాయి. కిట్లు పెంచకుండా, పోటీలో మజా పోకుండా, నలుగురూ కోడ్ మీద చెయ్యి వేయక తప్పని విధంగా మీరు ఏ నియమం పెట్టి ఫలితం చూశారు?