అప్‌డేట్: ఒక సంచి విప్పేశాం

నాన్నగారు దాచిన రెండు మింట్ సంచుల (టంకశాల నుంచి సీలుతో వచ్చిన నాణేల సంచులు) సీలు విప్పాలా వద్దా అని ఇదివరకు అడిగాను కదా. 5 రూపాయల నాణేలవి, పాత కుప్రోనికెల్‌వి (రాగి, నికెల్ కలిపిన లోహం). మా చెన్నై ఉక్కకి ఒక సంచి అడుగున గుడ్డ చెమ్మగిల్లి ఆకుపచ్చగా మరక పట్టింది. ఆ నాణేల్లో 75 శాతం రాగేగా, చెమ్మకి ఆకుపచ్చ చిలుము పడుతుంది! ఇక ఆగలేక అమ్మే కుట్టు ఊడదీసింది.

నాణెం మీద 1995 కింద చిన్న నక్షత్రం గుర్తు, అంటే హైదరాబాద్ మింట్‌వి! ఆ మింట్ చర్లపల్లికి మారకముందు సైఫాబాద్‌లో కొట్టినవి. అమ్మ వేలితో తడుముతూనే ఉండిపోయింది. ఒకదానికొకటి రాసుకుని చాలావాటికి గీతలున్నాయి. మచ్చలేనివి విడిగా తీశాం, కడగలేదు. రెండో సంచి పొడిగానే ఉంది. సీలు తియ్యను, చెమ్మ పీల్చే సిలికాజెల్‌తో డబ్బాలో పెట్టేశాను.