హైవ్ యాప్‌లో రాబోయే మార్పులకు మనం ముందుగా ఏమి కోరాలి?

ప్రశ్న: రేనాటి చదువరి, కడప

అందరికీ నమస్కారం. కడప, యర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల పొలం గట్ల మీదా, పాడుబడిన గుళ్ళ దగ్గరా కనిపించే వీరగల్లులనూ (వీరుల స్మారక శిలలనూ) శాసనాలనూ ఫొటో తీసి, చదవగలిగినంత చదివి హైవ్‌లో పెట్టే చిన్న బృందం మాది. హైవ్ అంటే రాసినదంతా అనేక కంప్యూటర్లలో గొలుసుకట్టు బ్లాకులుగా నిలిచే బ్లాక్‌చెయిన్ వేదిక. ఒకరి చేతిలోని సర్వరు ఆగిపోతే రాసినదంతా పోతుందన్న భయం లేదు కనుకనే ఈ వేదికను ఎంచుకున్నాం. 2020 మార్చిలో స్టీమ్ అనే పాత బ్లాక్‌చెయిన్ నుంచి హైవ్ విడిపోయినప్పుడు పాత రాతలు కొత్త చెయిన్‌లోకి వచ్చి నిలవడం మా నమ్మకాన్ని పెంచింది.

ఇప్పుడు యాప్ తయారుచేసేవారికి మన అవసరాలు రాసి పంపాలనుకుంటున్నాం. పొట్టి వీడియోలు కావాలని కొందరు మిత్రులు అంటున్నారు. నాకు మాత్రం అంతకంటే ముందు తీరవలసిన కష్టం ఒకటి కనిపిస్తోంది.

మా బృందంలో అందరికంటే పెద్దవారైన ఒక విశ్రాంత తెలుగు పండితులు గత ఏడాది కాలం చేశారు. ఆయన పెట్టిన ఒక వీరగల్లు పాఠంలో మూడో పంక్తిలో ‘ఎఱియ’ అని ఉంది. మొన్న తెల్లవారుజామునే వెళ్ళి, ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు చూస్తే, ఊరివాళ్ళు పండుగలకు పూసిన సున్నం పొరల కింద ఱ వత్తు స్పష్టంగా కనిపించింది. ఆ పేరు ‘ఎఱ్ఱియ’. దిద్దాలంటే ఆయన ఖాతా కీ, అంటే పాస్‌వర్డు లాంటి రహస్య సంకేతం, కావాలి. వారి అబ్బాయి బీరువాలోని పుస్తకాలన్నీ తిరగేసినా కీ దొరకలేదు. ఆ పోస్టు కింద వ్యాఖ్యగా సవరణ రాయగలం గానీ, పైన తప్పు పాఠం అలాగే ఉంటుంది, వెతికినవారు దాన్నే ఎత్తి రాసుకుంటారు.

కీ పోయిన ఖాతాను తిరిగి తెరిచే సౌకర్యాన్ని కొత్త వెర్షన్‌లో కోరవచ్చా? ఇంకా ఏమేమి ముందు కోరాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం: ప్రొద్దుటూరు ప్రోగ్రామరు

పండితులవారి విషయం చదివి బాధ కలిగింది. సూటిగానే చెబుతాను, ఆ ఖాతాను తెరవడం సాధ్యం కాదు. హైవ్‌లో రికవరీ అనే ఏర్పాటు ఉన్న మాట నిజమే, కానీ అది దొంగతనానికి మందు, పోగొట్టుకోవడానికి కాదు. ఎవరైనా మన ఓనర్ కీని (ఖాతాపై పూర్తి అధికారమిచ్చే కీని) దొంగిలించి మార్చేస్తే, గత 30 రోజుల్లో చెల్లుబాటైన పాత ఓనర్ కీని మనం చూపించి, రికవరీ ఖాతాగా పెట్టుకున్నవారి సహకారంతో ఖాతాను తిరిగి తెచ్చుకోవచ్చు. ఏ కీ లేనివారికి అందులో దారి లేదు. అలాంటి దారి తెరవమని కోరడం కూడా మంచిది కాదు, ఎందుకంటే వారసులకు తెరిచే తలుపు మోసగాళ్ళకూ తెరుచుకుంటుంది.

ఇకముందు ఈ కష్టం రాకుండా చేసే సాధనం మాత్రం చెయిన్‌లో మొదటి నుంచీ ఉంది. బృందం పేరుతో ఒక ఖాతా తెరిచి, దాని ఓనర్ అధికారాన్ని ముగ్గురు సభ్యుల ఖాతాలకు పంచి, కీలు మార్చడానికి కనీసం ఇద్దరి సంతకాలు ఉండాలని నియమం పెట్టవచ్చు. రాతలు పెట్టే పోస్టింగ్ అధికారాన్ని మాత్రం ఎవరికి వారే వాడుకునేలా ఇస్తే, ఎవరి కీ వారి దగ్గరే ఉంచుకుని, బృందం ఖాతా నుంచి రాయడమూ దిద్దడమూ చేయవచ్చు. ఒకరు లేకపోయినా మిగిలిన ఇద్దరూ ఖాతాను నడపగలరు. నేను వాడే ఫోన్ యాప్‌లో దీనికి తెర లేదు, కమాండ్లు తెలిసినవారే చేయగలుగుతున్నారు. కాబట్టి మీరు కోరవలసింది ఆ తెరను, అదీ తెలుగులో.

ఇంకొక తేడా గమనించండి. చెయిన్ నియమాలను మార్చాలంటే హార్డ్‌ఫోర్క్ (చెయిన్ నడిపేవారంతా కొత్త నియమాలకు మారడం) కావాలి, దానికి బ్లాకులు తయారుచేసే 21 మంది విట్‌నెస్‌లలో 17 మంది ఒప్పుకోవాలి. యాప్‌లో తెర చేర్చడానికి ఆ యాప్ రాసేవారు పూనుకుంటే చాలు. ఈ రెండు రకాల కోరికలనూ ఒకే ఉత్తరంలో కలిపితే సులువైనది కూడా ఆలస్యమవుతుంది.

సమాధానం: అనంతపురం మిత్రుడు

కీల సంగతి సరే. మీరు రాయని ఒక విషయం నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. మీ ఫొటోల్లో జీపీఎస్ వివరాలు ఉంటున్నాయా?

గుప్తనిధుల కోసం తవ్వేవారి బెడద మన సీమలో ఎంత ఉందో మీకు తెలియనిది కాదు. మా వైపు ఒక ఊరి చివర, చింతచెట్టు కింద, వీరుడు కత్తి పట్టుకుని గుర్రం మీద ఉన్న రాయి ఒకటి ఉండేది. నేను దాన్ని ఫొటో తీసి, ఊరి పేరుతో, దారి గుర్తులతో సహా ఒక చోట పెట్టాను. కొన్ని నెలల తర్వాత వెళ్ళేసరికి రాయి రెండు ముక్కలై పక్కన పడి ఉంది, దాని కింద నడుము లోతు గుంత ఉంది. నా పోస్టు చూసే వచ్చారని రుజువు చేయలేను, కానీ ఆ రోజు నుంచి ఏ రాయి ఆనవాళ్ళూ బయట పెట్టడం లేదు.

నేను పెట్టింది మామూలు సైటులో కనుక ఆ పోస్టును తీసివేయగలిగాను. హైవ్‌లో దిద్దితే పైకి కొత్త పాఠమే కనిపిస్తుంది, పాతది బ్లాకుల్లో అలాగే ఉంటుంది, కావలసినవారు బయటికి తీయగలరు. డిలీట్ నొక్కినా అంతే. అందుచేత ఫొటో ఎక్కించేటప్పుడే అందులోని స్థల వివరాలను యాప్ తనంతట తాను తొలగించాలనీ, పోస్టులో ఫోన్ నంబరో అక్షాంశ రేఖాంశాలో ఉంటే ప్రచురించే ముందు ఆపి అడగాలనీ కోరండి. పొలం యజమాని నంబరు రాసే అలవాటు మనలో చాలామందికి ఉంది. వ్యక్తి తన సమాచారాన్ని తొలగించమని కోరే హక్కును 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం గుర్తించింది, చెయిన్‌లోకి ఎక్కాక ఆ కోరికను మనం ఎలా తీర్చగలం? నా దృష్టిలో మీ ఉత్తరంలో మొదటి వాక్యం ఇదే కావాలి.

సమాధానం: కర్నూలు నుంచి

అనంతపురం మిత్రుల మాటతో పూర్తిగా ఏకీభవిస్తూ, మరి రెండు విషయాలు చేరుస్తాను.

ఫొటోలు చెయిన్‌లో ఉండవు. చెయిన్‌లో ఉండేది లంకె మాత్రమే, బొమ్మ వేరే సర్వరులో ఉంటుంది. ఆ సర్వరు ఆగితే పాఠం మిగిలి, రాయి రూపం మాయమవుతుంది. బొమ్మనే చెయిన్‌లో పెట్టమని కోరడం వృథా, ఒక లావాదేవీ 64 కిలోబైట్లు దాటకూడదు. దానికి బదులు ప్రతి ఫొటోకూ ఎస్‌హెచ్‌ఏ-256 ముద్రను (ఫైలు నుంచి లెక్కకట్టే, వేలిముద్ర లాంటి సంకేతాన్ని) లెక్కించి పోస్టుతో పాటు భద్రపరచమని అడగండి. అది 64 అక్షరాలకు మించదు. రేపు మీ ఇంటి హార్డ్‌డిస్కులోని నకలును మరో చోట పెట్టినా, అది అసలు ఫొటోయేనని ఎవరైనా సరిచూసుకోగలరు.

రెండవది తెలుగుకే ప్రత్యేకమైనది. కంప్యూటరులో అక్షరాలను భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన ప్రతి అక్షర సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. ‘యర్రగుంట్ల’ అన్న పేరుకు 30 బైట్లు కావాలి, అదే ఇంగ్లిషులో రాస్తే 11 చాలు. పోస్టు పరిమాణాన్ని బట్టి రిసోర్స్ క్రెడిట్లు (చెయిన్‌ను వాడుకోవడానికి ఖాతాకు ఉండే కోటా) ఖర్చవుతాయి కనుక కొత్త ఖాతాతో పొడవైన శాసన పాఠం పెట్టేవారు మధ్యలో ఆగిపోతున్నారు. ఎన్ని బైట్లయిందో రాస్తున్నప్పుడే చూపించే చిన్న గడి ఉంటే చాలు. వెతుకులాట కూడా బాగుపడాలి. నేను వాడే యాప్‌లో ‘శాసనం’ అని వెతికితే ‘శాసనాలు’, ‘శాసనాన్ని’ అని రాసినవి రావడం లేదు.

పని చేసేవారికి డబ్బు అవసరమైతే హైవ్ నిధికి ప్రతిపాదన పెట్టవచ్చు. 60 రోజుల లోపు పనికి రుసుము 10 హెచ్‌బీడీలు (హైవ్‌లోని డాలరు నాణెం). హైవ్‌లో వాటా ఉన్నవారు మన ప్రతిపాదనకు వేసే ఓట్లు, సొమ్మును నిధికే తిప్పి పంపే ‘రిటర్న్ ప్రపోజల్’కు పడిన ఓట్లను దాటితేనే నిధి నుంచి సొమ్ము వస్తుంది, కనుక ఇతర భాషల బృందాలను కలుపుకోండి. మూడు బైట్ల ఇబ్బంది తమిళానికీ కన్నడానికీ కూడా ఉన్నదే.

ప్రశ్న అడిగినవారు: రేనాటి చదువరి, కడప

ముగ్గురికీ కృతజ్ఞతలు. స్థల వివరాల మాట చదవగానే మా పాత ఫొటోలు తెరిచి చూశాను. పదకొండింటిలో జీపీఎస్ అంకెలు అలాగే ఉన్నాయి. అవి ఉన్న సర్వరు నిర్వాహకులకు తొలగించమని ఈ పూటే రాశాను. ఉత్తరంలో మొదట అదే, తర్వాత ఇద్దరి సంతకాల తెర, ఆ తర్వాత ఫొటో ముద్ర, బైట్ల గడి, వెతుకులాట వస్తాయి. పొట్టి వీడియోల మాట ఈసారికి వదిలేస్తున్నాం. ఆదివారం చిత్తుప్రతి ఇక్కడే పెడతాను, తప్పులుంటే దిద్దగలరు.

పండితులవారి పోస్టు కింద సవరణ రాశాను. వారి అబ్బాయి తన ఖాతా నుంచి దానికి ఓటు వేశారు. ఆ ఖాతాకు ఓటు బలం పెద్దగా లేదు గనుక, ‘ఎఱ్ఱియ’ అన్న పాఠం సరైనదని ఫొటో చూసి మీకూ అనిపిస్తే, వ్యాఖ్యల్లో అది పైకి వచ్చేలా మీరు కూడా ఒక ఓటు వేయవలసిందిగా కోరుతున్నాను.